ఈస్ట్ లేకుండా ఇంట్లోనే బ్రెడ్: ఓటీజీ (కరెంట్ ఓవెన్) ఉన్నా సరే, కుక్కర్ ఒక్కటే ఉన్నా సరే

"చేశానండీ, పైన చూస్తే బాగానే పొంగింది, కోస్తే మధ్యలో పచ్చిపిండి, పైగా సబ్బు వాసన. ఎక్కడ తేడా కొట్టింది?" ఈస్ట్ లేని బ్రెడ్ గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది బాధ ఇదే. కొలతలు అందరి దగ్గరా ఉంటాయి. తేడా కొట్టేది మాత్రం కొలతల్లో కన్నా పని వరసలో.

ఈస్ట్ వేసిన పిండిని మూతపెట్టి వదిలేస్తే గంటకో రెండు గంటలకో పొంగుతుంది, ఈలోగా మీరు ఇంకో పని చూసుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. పుల్లటి పెరుగు సోడాకి తగిలిన క్షణం నుంచే గ్యాస్ పుడుతుంది, పుట్టింది పుట్టినట్టు బయటికి పోతూ ఉంటుంది, అది పూర్తిగా పోయేలోపే పిండి వేడిలోకి వెళ్లి గట్టిపడాలి. అందుకే కింద రాసిన దాంట్లో సగం, పిండి కలపకముందు చేయాల్సిన పనుల గురించే. అది దాటేసి నేరుగా కలపడం దగ్గరికి వెళ్లకండి.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇది బేకరీ మిల్క్ బ్రెడ్‌లా సాగుతూ, పొరలుపొరలుగా రాదు. కాస్త దిట్టంగా, లోపల తడిగా, పైన కరకరలాడుతూ ఉంటుంది. గోరువెచ్చగా ఉండగా వెన్న రాసుకుంటే బాగుంటుంది, పల్చగా కోసి శాండ్‌విచ్ మడవాలంటే మాత్రం విరుగుతుంది.

1. ఏమేం కావాలి

6 అంగుళాల గుండ్రటి కేక్ టిన్నుకి, అంటే ముగ్గురు నలుగురికి ఒక పూట సరిపోయే బ్రెడ్‌కి:

- మైదా 125 గ్రాములు, అంటే 1 కప్పు
- గోధుమపిండి 125 గ్రాములు, ఇదీ 1 కప్పే
- వంట సోడా అర టీస్పూను, తల కొట్టి
- బేకింగ్ పౌడర్ 1 టీస్పూను
- ఉప్పు ముప్పావు టీస్పూను
- పంచదార 1 టేబుల్ స్పూను
- పుల్లటి పెరుగు 180 గ్రాములు
- నీళ్లు 60 మి.లీ.
- నూనె 2 టేబుల్ స్పూన్లు, ఇంకా టిన్నుకి రాయడానికి కొంచెం

కప్పు అంటే 240 మి.లీ. కొలత కప్పు, టీ తాగే కప్పు కాదు. టీస్పూను అంటే 5 మి.లీ. మైదాని డబ్బాలో కప్పు ముంచి నొక్కి తీస్తే 125 గ్రాములు కాస్తా 150 దాటిపోతుంది, బ్రెడ్ రాయవుతుంది. స్పూనుతో కప్పులోకి వేసి, పైన చాకుతో సమంగా గీసేయండి. చిన్న వంటింటి కాటా ఉంటే ఈ గొడవే ఉండదు.

మొత్తం గోధుమపిండితోనే చేయొచ్చా అంటే చేయొచ్చు, కాకపోతే బరువుగా వస్తుంది, నీళ్లు ఇంకో రెండు మూడు స్పూన్లు ఎక్కువ తాగుతుంది. మొదటిసారికి సగం సగం మంచిది.

2. మన ఊరి చెమ్మ, సోడా ప్రాణం

విశాఖలో ఇది విడిగా చెప్పాల్సిన విషయం. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు సముద్రపు గాలి నేరుగా కొట్టే ఇళ్లలో ఉప్పు డబ్బా తెరిస్తే ఉప్పు ముద్దకట్టి, స్పూనుకి అంటుకుపోయి ఉంటుంది చూశారా, ఆ చెమ్మే బేకింగ్ పౌడర్ డబ్బాలోకీ వెళ్తుంది. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పొడి ఆమ్లం కూడా కలిసి ఉంటుంది, ఆ రెండూ కలిసి పనిచేయడానికి కావాల్సింది తడే. కాబట్టి చెమ్మ తగిలిన డబ్బాలో ఆ పని కొంచెం కొంచెంగా ముందే అయిపోతూ ఉంటుంది, మీరు పిండిలో వేసేసరికి మిగిలేది ఉత్త పొడి. డేట్ ఇంకా ఆరు నెలలు ఉంది కదా అని నమ్మకండి, ఆ డేట్ మూత తీయని డబ్బాకి.

కలిపే రోజు రెండు పరీక్షలు చేయండి, నిమిషం పని:

- అర టీస్పూను బేకింగ్ పౌడర్ మీద పావు కప్పు వేడినీళ్లు పోయండి. వెంటనే గట్టిగా నురగ రావాలి. నాలుగు బుడగలు తేలి ఆగిపోతే ఆ డబ్బా పక్కన పెట్టేయండి.
- చిటికెడు వంట సోడా మీద నిమ్మరసం పిండండి. బుస్సుమని పొంగాలి.

కిరాణా కొట్లో విడిగా పొట్లం కట్టి ఇచ్చే సోడా చవకే, కానీ ఎన్నాళ్ల నుంచి తెరిచి ఉందో తెలీదు. చిన్న సీల్డ్ ప్యాకెట్ కొనండి. తెచ్చాక గట్టి మూత ఉన్న గాజు సీసాలోకి మార్చి, స్టవ్ పక్కన కాకుండా దూరంగా పెట్టండి. తడి స్పూను పెట్టొద్దు.

మైదా కూడా చెమ్మ పీల్చుకుంటుంది. పూర్ణా మార్కెట్ నుంచి కిలోలకి కిలోలు తెచ్చి ఉంచేవాళ్లు వానాకాలంలో పైన చెప్పిన 60 మి.లీ. నీళ్లూ ఒకేసారి పోసేయకండి, రెండు స్పూన్లు ఆపి, అవసరం చూసి పోయండి.

3. పెరుగు పుల్లగా ఉండాలి, ఇందులో మొహమాటం లేదు

సోడా ఒక్కటే ఉంటే సరిపోదు, దానికి పులుపు కావాలి. పులుపు చాలకపోతే సోడా పూర్తిగా కరిగి గ్యాస్‌గా మారదు, మిగిలింది మిగిలినట్టు బ్రెడ్‌లోనే ఉండిపోతుంది. ఆ సబ్బు వాసన, నాలుక చివర చేదు, లోపల అక్కడక్కడా పసుపుపచ్చ మచ్చలు, అన్నీ దాని పుణ్యమే.

విశాఖ డెయిరీ పెరుగు ప్యాకెట్ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీస్తే కమ్మగా ఉంటుంది, తినడానికి అదే బాగుంటుంది, దీనికి పనికిరాదు. రాత్రంతా బయట పెట్టండి. వేసవిలో అయితే పొద్దున పెడితే సాయంత్రానికి చాలు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు రెండో రోజుది భేషుగ్గా ఉంటుంది. మజ్జిగచారు పెట్టడానికి పక్కన పెట్టే పెరుగే దీనికీ.

టైమ్ లేకపోతే 180 గ్రాముల తియ్యటి పెరుగులో 2 టీస్పూన్ల నిమ్మరసం కలిపేయండి. పెరుగే లేకపోతే 220 మి.లీ. పాలల్లో టేబుల్ స్పూను నిమ్మరసమో వెనిగరో వేసి పది నిమిషాలు వదిలితే విరిగినట్టు అవుతుంది, అది పెరుగు, నీళ్లు రెంటికీ బదులు వాడొచ్చు.

పెరుగు చల్లగా ఉన్నా ఇబ్బందే. చల్లటి పిండి మధ్యలో వేడెక్కడానికి ఆలస్యమవుతుంది, ఈలోపు పైన మాడుతుంది.

4. పిండి ముట్టుకోకముందే వేడి

ఇది దాటేసిన బ్రెడ్ ఎప్పటికీ సరిగ్గా రాదు. పొడి పదార్థాలు కొలవడం మొదలుపెట్టేటప్పుడే ఓటీజీ ఆన్ చేయాలి, లేదా కుక్కర్ పొయ్యి మీదికి ఎక్కాలి.

ఓటీజీ అయితే: 200 డిగ్రీల సెల్సియస్, పైనా కిందా రెండు రాడ్లూ, 15 నిమిషాలు. టిన్ను పెట్టేది మధ్య అరలో. చిన్న ఓటీజీల్లో పై రాడ్ మరీ దగ్గరగా ఉంటుంది, అలాంటివాటిలో ఒక అర కిందికి దించండి.

కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే: కన్వెక్షన్ మోడ్ మాత్రమే, 180 డిగ్రీలు. ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి 20 డిగ్రీలు తక్కువ చాలు. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో లోహపు టిన్ను పెట్టకూడదు.

కుక్కర్ అయితే: 5 లీటర్లు లేదా పెద్దది, పాతది, అడుగు దళసరిగా ఉన్నది. కొత్త కుక్కర్ వద్దు, నీళ్లు లేకుండా వేడి చేస్తే అడుగు నల్లబడుతుంది. నాన్‌స్టిక్ గిన్నెలు అసలే వద్దు. మూతకి గాస్కెట్ తీసేయండి, వెయిట్ తీసేయండి, ఈ రెండూ మర్చిపోకూడదు. అడుగున రెండు కప్పుల కళ్లుప్పు పరచండి, దాని మీద చిన్న స్టాండ్, మూత పెట్టి మీడియం మంట మీద 10 నుంచి 12 నిమిషాలు. ఉప్పు ఎందుకంటే వేడి ఒక్కచోట తగలకుండా సమంగా పైకి వస్తుంది. చల్లారాక ఆ ఉప్పుని సీసాలో పోసి మళ్లీ దీనికే వాడండి, కూరల్లోకి కాదు. ఉప్పు బదులు శుభ్రమైన పొడి ఇసుక వాడేవాళ్లూ ఉన్నారు. ఆర్కే బీచ్ ఇసుక పనికొస్తుందా అని అడుగుతారు, వద్దండీ, తడి, గవ్వ ముక్కలు, నీచు వాసన, అన్నీ బ్రెడ్‌కి పడతాయి.

ఈలోగా టిన్నుకి నూనె రాసి, అడుగున గుండ్రంగా కత్తిరించిన బటర్ పేపర్ వేసేయండి.

కలపడం మొదలుపెట్టేముందు ఒకసారి చూసుకోండి:

- ఓవెన్ లేదా కుక్కర్ వేడెక్కింది
- టిన్ను సిద్ధంగా, చేతికందేలా ఉంది
- పట్టుకోవడానికి మందపాటి గుడ్డ పక్కనే ఉంది
- పెరుగు గిలకొట్టి ఉంది
- గుమ్మం దగ్గర ఎవరూ బెల్ కొట్టబోవడం లేదు

5. కలపడం: రెండు నిమిషాల పని

1. మైదా, గోధుమపిండి, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లెడ పట్టండి. రెండుసార్లు పడితే ఇంకా మంచిది. సోడా ఉండ ఒక్కటి ఉండిపోయినా అది పంటి కింద పడినవాళ్లు మళ్లీ మీ బ్రెడ్ తినరు. జల్లెడలో మిగిలిన పొట్టు పారేయకుండా తిరిగి పిండిలోనే వేసేయండి.

2. ఇంకో గిన్నెలో పెరుగు, నీళ్లు, పంచదార, నూనె వేసి గిలకొట్టండి. పంచదార కరగాలి.

3. పొడిపిండి మధ్యలో గుంట చేసి తడిదంతా ఒకేసారి పోసేయండి. కొంచెం కొంచెంగా పోస్తూ కలుపుతూ పోతే ముందు తడిసిన చోట గ్యాస్ అంతా అయిపోతుంది.

4. అట్లకాడతోనో చెక్క గరిటెతోనో అడుగు నుంచి పైకి మడుస్తూ కలపండి. గిన్నె తిప్పుతూ ఒక పదిహేను ఇరవై మడతలు. పొడిపిండి కనిపించడం ఆగిపోగానే మీరూ ఆగిపోండి.

ఇక్కడ ఒకసారి పిండిని దగ్గరగా చూడండి. నున్నగా ఉండదు, ఎగుడుదిగుడుగా, గరిటెకి అంటుకుంటూ ఉంటుంది, ఇడ్లీ పిండి కన్నా చాలా గట్టిగా, చపాతీ పిండి కన్నా చాలా పల్చగా. గరిటె లాగిన చోట చిన్నచిన్న రంధ్రాలు తెరుచుకుని, అంచుల్లో ఒక్కో బుడగ పైకి వచ్చి పగులుతుంది. అదే మీకు కావాల్సిన గ్యాస్. దాన్ని చూస్తూ నిలబడకండి.

చపాతీలు చేసీ చేసీ మన చేతికి అలవాటైపోయింది, పిండి కనిపిస్తే చాలు పిసికేస్తాం. ఈ పిండిని పిసికితే రెండు నష్టాలు, గ్యాస్ పోతుంది, పైగా గ్లూటెన్ (పిండిలో ఉండే సాగే జిగురు) సాగి బ్రెడ్ రబ్బరు ముక్కవుతుంది. ఈస్ట్ బ్రెడ్‌కి పిసకడం ఎంత అవసరమో దీనికి అంత చేటు.

5. వెంటనే టిన్నులోకి. తడి చేత్తో పైన సర్దండి, నొక్కొద్దు. పదునైన చాకుని నూనెలో ముంచి పైన ఇంటూ గుర్తులా, ఒక సెంటీమీటరు లోతున గాటు పెట్టండి. పొంగేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ పగలకుండా ఆ గాటు వెంబడే విచ్చుకుంటుంది, మధ్యలోకి వేడి కూడా తొందరగా దిగుతుంది. నువ్వులు చల్లాలంటే ఇప్పుడే.

6. కాల్చడం

ఓటీజీలో 35 నుంచి 40 నిమిషాలు. 25 నిమిషాలకి అద్దంలోంచి చూడండి, పైన రంగు ముదిరితే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. మొదటి 20 నిమిషాల్లో మాత్రం తలుపు తీయొద్దు, అప్పటికి లోపలి పిండి ఇంకా నిలదొక్కుకోదు, వేడి తగ్గగానే కూలబడుతుంది.

కుక్కర్లో టిన్ను పెట్టాక రెండు నిమిషాలు మీడియం మంట, తర్వాత సిమ్ కన్నా ఒక పిసరు ఎక్కువ. 45 నుంచి 55 నిమిషాలు పడుతుంది. అరగంట దాకా మూత ఎత్తొద్దు. టిన్ను పెట్టేటప్పుడు కుక్కర్ అంచు చురుక్కుమంటుంది, పట్టకారు వాడండి. కుక్కర్ వేడిగా ఉండగా లోపల నీళ్లు పోయొద్దు, ఆవిరి మొహం మీదికి కొడుతుంది.

కుక్కర్ బ్రెడ్‌కి పైన ఎర్రటి రంగు రాదు. వేడంతా కింద నుంచే కదా. బయటికి తీశాక పెనం మీద వెన్న వేసి బోర్లించి ఒక నిమిషం కాలిస్తే రంగు, కరకర రెండూ వస్తాయి.

కరెంట్ పోతే? వేసవి సాయంత్రాలు ఓటీజీ పెట్టేవాళ్లకి ఇది ఉత్తుత్తి టెన్షన్ కాదు. తలుపు తీయకుండా ఉంచండి, లోపలి వేడి కొన్ని నిమిషాలు పనిచేస్తుంది. ఆ టైమ్‌లో పక్కన కుక్కర్లో ఉప్పు వేసి వేడి చేయడం మొదలుపెట్టండి. పది నిమిషాలైనా కరెంట్ రాకపోతే టిన్నుని కుక్కర్లోకి మార్చేయండి. కరెంట్ పోయేసరికి 20 నిమిషాలు దాటి ఉంటే బ్రెడ్ దాదాపు దక్కినట్టే. మొదటి పది నిమిషాల్లో పోతే మాత్రం కాస్త కూలుతుంది, తినడానికి ఇబ్బంది లేదు, ముక్కలు కోసి పెనం మీద కాల్చుకోండి.

7. అయిందో లేదో ఎలా తెలుస్తుంది

- మధ్యలో టూత్‌పిక్ గుచ్చితే తడిపిండి అంటకూడదు. ఒకటి రెండు పొడి రవ్వలు అంటితే ఫర్వాలేదు.
- టిన్నులోంచి తీసి, గుడ్డతో పట్టుకుని అడుగున వేలి కణుపుతో తట్టండి. టకటకమని బోలుగా వినిపించాలి. దబ్‌మని మూగగా వినిపిస్తే ఇంకా పచ్చి, టిన్ను లేకుండానే మళ్లీ ఓవెన్లో ఐదారు నిమిషాలు.
- వంటింటి థర్మామీటర్ ఉంటే మధ్యలో 93 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ చూపించాలి.

తీసిన వెంటనే కోయొద్దు. జాలీ మీద పెట్టి కనీసం అరగంట ఆగండి. లోపలి ఆవిరి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, వేడిమీద కోస్తే చాకుకి జిగురు అంటుకుని, ఉడికిన బ్రెడ్ కూడా ఉడకనట్టు కనిపిస్తుంది. "మధ్యలో పచ్చిగా ఉంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ తొందరే అని నా అనుమానం. పళ్లున్న చాకుతో, రంపం లాగినట్టు కోయండి.

8. తేడా కొట్టిందా? ఇక్కడ వెతకండి

సబ్బు వాసన, చేదు, పసుపు మచ్చలు. సోడా ఎక్కువైంది, లేదా జల్లించలేదు, లేదా పెరుగు తియ్యగా ఉంది. బేకింగ్ పౌడర్ లేదని అంతే కొలత సోడా వేసేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే, సోడా దానికన్నా మూడు నాలుగు రెట్లు ఘాటు. బేకింగ్ పౌడర్ లేకపోతే దాన్ని వదిలేయండి, అర టీస్పూను సోడా, బాగా పులిసిన పెరుగు చాలు. సోడా లేకపోతే రెండున్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పెరుగు బదులు మామూలు పాలు.

అసలు పొంగలేదు. పొడి ప్రాణం పోయింది, లేదా కలిపాక ఓవెన్ వేడెక్కే దాకా ఆగారు.

పొంగి మధ్యలో గుంట పడింది. తలుపు ముందే తీశారు, లేదా పిండి పల్చనైంది, లేదా బేకింగ్ పౌడర్ ఎక్కువై పొంగు నిలబడలేదు. ఇంకొంచెం మెత్తగా వస్తుందని ఒక స్పూను అదనంగా వేసే అలవాటు మానుకోవాలి.

అడుగు మాడి, పైన పచ్చి. కుక్కర్ బ్రెడ్‌లో ఇది మామూలే. మంట ఎక్కువ, లేదా ఉప్పు పొర పల్చన, లేదా స్టాండ్ పెట్టలేదు.

గట్టిగా, బరువుగా. పిండి నొక్కి కొలిచారు, లేదా పిసికారు.

కోస్తే పొడిపొడిగా రాలిపోతోంది. నీళ్లు తక్కువ, లేదా ఎక్కువసేపు కాల్చారు. ఈసారికి పాలు, గుడ్డు, పంచదారలో ముంచి పెనం మీద కాల్చుకోండి, ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈనో వేయొచ్చా అంటే వేయొచ్చు. దాంట్లో సోడా, సిట్రిక్ ఆమ్లం రెండూ ముందే ఉంటాయి, నీళ్లు తగలగానే ఒక్క ఉదుటున పొంగి అయిపోతుంది. కాబట్టి సోడా, బేకింగ్ పౌడర్ మానేసి, అంతా కలిపాక చివర్లో, ఫ్లేవర్ లేని 5 గ్రాముల ప్యాకెట్ ఒకటి వేసి నాలుగు తిప్పులు తిప్పి లోపల పెట్టేయాలి. నాకైతే సోడా, పెరుగుతో వచ్చే రుచే నచ్చుతుంది.

9. చిన్న మార్పులు

చోడిపిండి (రాగిపిండి) వేయాలనుకుంటే పావు వంతు దాకా, అంటే 60 గ్రాములు, గోధుమపిండి బదులు వేయండి. చోళ్లలో గ్లూటెన్ ఉండదు, మూడో వంతు దాటితే ముక్క నిలవదు. దీనికి పంచదార కన్నా అనకాపల్లి బెల్లం పొడి బాగుంటుంది, పెరుగులోనే కరిగించి వడకట్టండి, నలకలుంటాయి.

కారంగా కావాలంటే పంచదార ఒక టీస్పూనుకి తగ్గించి, అర టీస్పూను వాము నలిపి వేసి, సన్నగా తరిగిన ఉల్లికాడలు, పచ్చిమిర్చి గుప్పెడు. కడిగిన ఉల్లికాడల్ని గుడ్డ మీద ఆరబెట్టాకే వేయండి, లేకపోతే వాటి నీళ్లతో పిండి జారైపోతుంది.

బీపీ ఉన్నవాళ్లకి పెడుతుంటే ఒక సంగతి, ఉప్పులోనే కాదు, సోడాలోనూ బేకింగ్ పౌడర్‌లోనూ సోడియం ఉంటుంది. ఉప్పు సగానికి తగ్గించినా బ్రెడ్ పొంగడంలో తేడా రాదు.

10. దాచుకోవడం

చేసిన రోజు రుచే రుచి. మర్నాటికి బిరుసెక్కుతుంది, ముక్కలు కాల్చుకుంటే మళ్లీ బాగుంటుంది. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెడితే లోపల చెమ్మ పట్టి పైపొర మెత్తబడుతుంది, మన ఉక్కపోతకి రెండో రోజుకే బూజు మొదలవ్వొచ్చు. మొదటి రోజు శుభ్రమైన గుడ్డలో చుట్టి బయటే ఉంచండి. అంతకన్నా ఎక్కువ రోజులకైతే ముక్కలుగా కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య బటర్ పేపర్ పెట్టి, కవర్లో గాలి తీసి ఫ్రీజర్లో పెట్టండి. కావాల్సినప్పుడు కావాల్సినన్ని తీసి, కరిగే దాకా ఆగకుండా నేరుగా పెనం మీద వేసేయొచ్చు, సన్నమంట మీద రెండు వైపులా మూడేసి నిమిషాలు.